మూడు మీటలు

కొలరాడోలో, పదివేల అడుగుల ఎత్తున మా బంకు.
ఇక్కడ నీళ్లు తొందరగా మరుగుతాయి,
బంగాళాదుంప మాత్రం ఉడికి చావదు.
కొత్తగా వచ్చినవాళ్లు నాలుగు మెట్లెక్కి
గోడ పట్టుకుని నిలబడతారు.
గాలే అంత. మజ్జిగ మీది తేటలా పలచన.

పంపుకి మీటలు మూడు:
ఎనభై అయిదు, ఎనభై ఏడు, తొంభై ఒకటి.
అడిగినవాళ్లందరికీ ఇరవై రెండేళ్లుగా నాది ఒకటే జవాబు:
"కొండ మీద ఎనభై అయిదు చాలు.
ఆపైది కంపెనీవాడి జేబులోకి."

మొదటి మంచు రాలిన సాయంత్రం
రెమీజియా అర్చులెటా వచ్చింది.
ముప్ఫై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు నడిపి
రిటైరైన వారానికే కొనుక్కుంది,
నీలం రంగు టర్బో కారు,
బానెట్టు మీద గాలి మింగే నోరు.
అమ్మిన కుర్రాడు పుస్తకం ఇవ్వలేదు.
ట్యాంకు మూత వెనక చీటీలో
తొమ్మిది ఒక్కటే మిగిలింది.
పక్క అంకెని ఎవరి బొటనవేలో
ఏళ్ల తరబడి తినేసింది.

"ఏది కొట్టించను, వెండెల్?"

నేను తల కూడా ఎత్తలేదు.
చెప్పాను, అదే జవాబు.

నాలుగో రోజు మళ్లీ వచ్చింది.
కోపంగా కాదు. అదే నాకు భయమేసింది.
"ఎక్కు," అంది.
కనుమ దారిలో, మూడో గేరులో, గట్టిగా తొక్కింది.
విన్నాను.
మంగలంలో పేలాలు వేగినట్టు,
కాదు, రేకు డబ్బాలో ఎవరో గోలీలు కుదిపినట్టు
ఇంజిను ఎముకల్లోంచి.

"ముప్ఫై ఒక్క ఏళ్లు నా వీపు వెనక పిల్లలు.
ఏ చప్పుడు అల్లరో, ఏది ఏడుపో
అద్దంలో చూడకుండా చెప్తాను.
ఇది ఏడుపు."

అప్పుడు తట్టింది నాకు, సిగ్గుగా:
నా జవాబు నా పాత ట్రక్కుది.
దొరికినంత గాలి పీల్చి ఊరుకునే ట్రక్కుది.
ఈ నీలం పిల్లకి కొండ ఎత్తు పట్టదు.
పలచటి గాలిని పట్టి, కుక్కి, అదిమి
సముద్రం ఒడ్డుని గొంతులోనే తయారుచేసుకుంటుంది.
ఆ ఇరుకులో ఎనభై అయిదుకి ఓపిక చాలదు.
మంట తన దాకా రాకముందే
మూలన నక్కిన ఆవిరి
తనంతట తనే భగ్గుమంటుంది,
పిస్టను నెత్తిన మొట్టికాయ వేస్తుంది.

అంకె పెరిగితే బలం పెరుగుతుందనుకుంటారు జనం.
నేనూ అనుకున్నవాణ్ణే.
నా నలభయ్యో పుట్టినరోజుకి
ట్రక్కుకి తొంభై ఒకటి తాగించాను విందుగా.
అది ఎప్పటి దగ్గే దగ్గింది. జేబు తేలికైంది.
ఆ అంకె చెప్పేది బలం కాదు,
పిలిచేదాకా ఎంత ఆగగలదో.
తొందరపెట్టేవాడే లేని చోట
ఆగడానికి డబ్బులెందుకు?

బంకుకి తిరిగొచ్చాక
పై మీట నేనే నొక్కాను. డబ్బులు వద్దన్నాను.
ఆమె నోట్లు లెక్కపెట్టి గల్లా మీద పెట్టింది,
చిల్లరతో సహా.
"సగం ట్యాంకు ఇంకా పాతదే.
రెండు రోజులు మెల్లగా తొక్కండి."
"బస్సు నడిపినదాన్ని," అంది.

వెళ్లే ముందు నా జేబులో మార్కరు లాక్కుని
తొమ్మిది పక్కన ఒకటి రాసింది.
అక్కడ మూడు ఉండేదేమో.
ఉన్నా, ఆ మూడు మా కొండెక్కి రాదు.
ఉన్నదాన్నే రాసుకోవాలి, కాలు దానికి తగ్గట్టు దించాలి.

కారు కదిలింది.
మలుపు దాకా చెవి అటే వేసి నిలబడ్డాను.
గోలీల చప్పుడు లేదు.
లేదా గాలి అటువైపు వీచింది.

లోపల ఎవరో హారన్ కొడుతున్నారు రెండో పంపు దగ్గర.
"ఏది కొట్టించను?" అంటున్నాడు కొత్త మనిషి.
"ముందు మూత తియ్యండి," అన్నాను,
"వెనక ఏం రాసుందో చూద్దాం."